మంచం మీది మనిషికి మాట లేదా?

కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు నేను తరచు అనే మాట ఒకటున్నది. "అర్థం తెలియకుండా పద్యం అప్పజెప్పకండి. తెలియకపోతే అడగండి. అడగటానికి నామోషీ పడేవాడికి చదువు రాదు." ఇరవై ఏళ్ళ నుంచీ ఈ మాట చెబుతున్నాను. అంత చెప్పిన పెద్దమనిషిని, రెండేళ్ళ కిందట ఒక రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి వరండాలో నిలబడి, నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాల మీద ఒక్క వాక్యమైనా చదవకుండా ఐదు చోట్ల సంతకం చేశాను. నర్సు వేలు పెట్టి చూపించిన చోటల్లా చేశాను. కలం కూడా ఆమెదే.

ఆ కాగితాలు నా ఒంటికి సంబంధించినవి కావు. మా అమ్మ ఒంటికి సంబంధించినవి. ఆవిడ పక్క గదిలోనే ఉన్నది. డెబ్భై రెండేళ్ళ మనిషి. పూర్తి తెలివితో, మంచం మీద కూర్చుని, పక్క మంచం ఆవిడకు మాగాయలో మెంతిపిండి ఎంత కలపాలో చెబుతున్నది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ తరవాత ఏం జరిగిందో చెబితేగాని నేనీ వ్యాసం ఎందుకు రాస్తున్నానో పాఠకులకు బోధపడదు.

పేరు చెప్పని జబ్బు

అమ్మకు పెద్దపేగు చివర గడ్డ ఉన్నదనీ, ముక్క తీసి పరీక్షిస్తే అది కేన్సరని తేలిందనీ డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచి చెప్పారు. అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "వైద్యం ఏమిటండీ?" అని కాదు. "అమ్మకు చెప్పకండి" అన్నాను. డాక్టరు గారు తల ఊపారు. ఇలా అడిగిన కొడుకులను ఆయన ఎంతమందిని చూసి ఉంటారో! మా చెల్లెలు సరేనన్నది. నా భార్య సరేనన్నది. బావగారైతే, "చెబితే ఆవిడ ప్రాణం సగం అక్కడే పోతుంది" అన్నారు. ఇంటిల్లిపాదీ ఏకమై, ఆవిడ ఒంటి సంగతి ఆవిడకే తెలియకుండా కాపలా కాశాం. "పేగులో పుండు, కోసి తీసేస్తే సరిపోతుంది" అని చెప్పాం.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డను తీసివేశారు. మర్నాడు బాగా తెలివి వచ్చిన అమ్మ, దుప్పటి కింద తడుముకుని, కడుపు మీద అంటించి ఉన్న సంచిని చూసుకున్నది. లోపల వేసిన కుట్టు మానేదాకా పేగును కడుపు మీదికి తెచ్చి, మలం సంచిలోకి పోయేటట్టు ఏర్పాటు చేస్తారు. కొన్ని నెలల తరవాత మళ్ళీ లోపలికి కలుపుతారు. వైద్యులకు ఇది మామూలు సంగతి. నేను చదవకుండా సంతకం చేసిన కాగితాల్లో మూడో పేజీలో ఈ మాట రాసే ఉన్నదని తరవాత చూసుకున్నాను.

మా అమ్మ మడి కట్టుకుని వంట చేసే మనిషి. ఆవిడ ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు నన్ను దగ్గరికి పిలిచి, "ఒరే, ఇది పెడతారని నీకు ముందే తెలుసా?" అన్నది.

"తెలియదమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.

"మరి సంతకం పెట్టావుట కదా?" అన్నది.

నా ఎం.ఏ. పట్టా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

"పెట్టవలసి వస్తే పెడతారురా. వద్దంటానా? ప్రాణం కంటే మడి ఎక్కువా? నన్నొక్క మాట అడిగి ఉంటే మనసు రాయి చేసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. నిద్రపోయేవాళ్ళ ఇల్లు దోచినట్టు చేశారు. నా ఏడుపు సంచి గురించి కాదు."

కాసేపాగి, "ఇంకొకటి విను. నాది పుండు కాదని నాకు మొదటి రోజే తెలుసు. వాళ్ళిచ్చిన చీటీ మీద ఎండ్రకాయ బొమ్మ ఉన్నది. నేను కర్కాటక రాశిలో పుట్టలేదు కదా! నాకు చెప్పకూడదని మీరంతా అనుకుంటున్నారు గదా అని నేనూ మీకు చెప్పలేదు" అన్నది.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. పంచాంగం చూడటం వచ్చును. మేము ఆవిడ దగ్గర నటిస్తుంటే, మా నటన చెడకుండా ఆవిడ మా దగ్గర నటించింది. రాత్రిళ్ళు ఆ భయంతో ఒక్కతే ఎలా పడుకున్నదో తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గు వేస్తుంది.

వరండాలో విన్న మాటలు

అమ్మ ఆసుపత్రిలో ఉన్నది పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ నా కాపురం వరండాలోని సిమెంటు బల్ల మీద. అక్కడ అందరూ రోగులూ, రోగుల బంధువులూ. ఫ్లాస్కులూ, కేరియర్లూ, స్కాను కవర్లూ. ఊరుకుని కూర్చోలేక, నా మనసులో మెదులుతున్న ప్రశ్ననే అందరినీ అడగటం మొదలుపెట్టాను: "రోగికి హక్కులుంటాయా? ఉంటే మీకు ఏది కావాలి?"

రిటైరయిన రైల్వే గార్డు ఒకాయన, గుండెకు ఆపరేషను చేయించుకుని లేచి తిరుగుతున్నారు. పకపకా నవ్వి, "హక్కేమిటి మాష్టారూ! మా రైల్లో టిక్కెట్టు ధర ముందే చెప్పి బండి ఎక్కిస్తాం. ఇక్కడ బండి దిగాక చెబుతారు. ఎక్కేముందు ధర తెలిస్తే చాలు, నాకు వేరే హక్కులేమీ అక్కరలేదు" అన్నారు.

చీరాల వైపు నుంచి వచ్చిన ఒక నేతపని ఇల్లాలు భర్తకు కాపలా ఉన్నది. ఆరోగ్యశ్రీ కింద చేరారు. ఆమె కంఠం తగ్గించి, "డబ్బులిచ్చి చేరినోళ్ళు అడగొచ్చు బాబూ. మాకు ఊరికే చేస్తన్నారు గదా. ఎదురడిగితే ఏమంటారో, కార్డు వెనక్కిచ్చేస్తారేమో అని నోరు మూసుకున్నా" అన్నది. ఆ పథకం 2007 లో మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలయింది. దాని ఖర్చు ప్రజల సొమ్ములోంచి పోతున్నది. ఆమె కొనే సబ్బు మీది పన్ను కూడా అందులో ఉన్నది. ఈ సంగతి చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. ఊరికే వచ్చినదాన్ని దయ అనుకోవటమేగాని హక్కు అనుకోవటం మనవాళ్ళకు అలవాటు లేదు.

బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి చెప్పిన మాట వేరు. పిత్తాశయంలో రాళ్ళకు అంతకు ముందు వేరే ఊళ్ళో ఒక పెద్దాసుపత్రిలో చేరిందిట. "పది పన్నెండుమంది విద్యార్థులు మంచం చుట్టూ మూగారండీ. తెర వేయలేదు. చీర తప్పించి పొట్ట నొక్కి చూశారు. 'ఆ గాల్‌బ్లాడర్ కేసు' అంటున్నారేగాని నా పేరు ఎవరూ పిలవలేదు. వాళ్ళూ నేర్చుకోవాలి, కాదనను. 'చూడవచ్చునా అమ్మా' అని ఒకరు అడిగి ఉంటే చూడమనేదాన్ని" అన్నది.

ఒక వృద్ధ రైతుకు మాత్రం ఈ చర్చంతా విడ్డూరంగా తోచింది. "నాకేం చెప్పొద్దయ్యా. మా పెద్దోడికి చెప్పమన్నా. వాడేం చెబితే అది. రోగం పేరు తెలిస్తే నాకు నిద్ర పడుద్దా?" అన్నాడు.

ఈయన మాట విన్నప్పుడు మొదట నాకు ఊరట కలిగింది. అమ్మ దగ్గర దాచి నేను చేసినదీ ఇదే కదా అనుకున్నాను. కాని రాత్రి పడుకుని ఆలోచిస్తే తేడా తెలిసింది. ఆ రైతును డాక్టరు అడిగారు. "నాకు వద్దు, మా అబ్బాయికి చెప్పండి" అని ఆయన తన నోటితో తనే చెప్పాడు. తెలుసుకోవటం ఎలా ఒక హక్కో, వద్దనటమూ అలాంటి హక్కే. మా అమ్మ విషయంలో ఆ వద్దన్నమాట ఆవిడ అనలేదు. ఆవిడ బదులు నేనన్నాను.

మొత్తం మీద నేను విన్నదాన్నిబట్టి ఒకటి చెప్పగలను. వాళ్ళలో ఎవరూ 'హక్కు' అనే మాటను తమంతట తాముగా వాడలేదు. "కాస్త చెబితే బాగుండును", "కసురుకోకుండా ఉంటే చాలు", "ఎంతవుతుందో ముందే అంటే అప్పో సప్పో చూసుకుంటాం" — ఇవీ వాళ్ళ మాటలు. వైద్యుణ్ణి నారాయణుడితో సమానంగా తలచిన దేశం మనది. నారాయణుణ్ణి వరం కోరుకుంటాం గాని లెక్కలడగం కదా! కాని వాళ్ళు మర్యాదగా, దయగా కోరుకుంటున్నవాటిలో చాలా భాగం ఈ దేశంలో ఇదివరకే హక్కులై కూర్చున్నాయి. ఆ సంగతి ఇంటికి వచ్చాక, పుస్తకాలు తిరగేస్తే నాకు తెలిసింది.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

ప్రమాదంలో దెబ్బ తగిలినవాణ్ణి "ఇది పోలీసు కేసు, ఇక్కడ చూడం" అని తిప్పి పంపటం పూర్వం మామూలుగా ఉండేది. ఒక స్కూటరు ప్రమాదంలో గాయపడిన మనిషిని అలాగే వేరే ఆసుపత్రికి పొమ్మంటే దారిలో ప్రాణం పోయింది. ఆ విషయం మీద 1989 లో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం నిలబెట్టాలనీ, పోలీసు లాంఛనాలు తరవాతనీ శాసించింది. 1992 లో బెంగాలులో రైలు మీంచి పడిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి చేర్చుకోకుండా తిప్పి పంపాయి. చివరికి అతను సొంత ఖర్చు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. 1996 లో సుప్రీం కోర్టు అతనికి 25,000 రూపాయలు ఇప్పిస్తూ, సమయానికి వైద్యం అందించకపోవటం రాజ్యాంగం 21 వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును భంగపరచటమే అన్నది.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 లో తేలింది. పాత చట్టం స్థానే 2019 నాటి కొత్త చట్టం ఇప్పుడు అమలులో ఉన్నది. జిల్లా కమిషనులో రెండేళ్ళలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రులు దీని కిందికి రావని ఆ 1995 తీర్పులోనే ఉన్నది.

ఇక నా సంతకం సంగతి. 2008 లో సుప్రీం కోర్టు ముందుకు ఒక ఢిల్లీ స్త్రీ కేసు వచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసివేశారు. ఆమె నలభై దాటిన మనిషి. సుప్రీం కోర్టు ఏమన్నదంటే — పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల ఆపరేషనుకు ఒప్పుదల కాదు; అప్పటికప్పుడు చేయకపోతే ప్రాణం పోతుందన్నప్పుడు తప్ప, వయసు వచ్చిన, తెలివిలో ఉండగల మనిషి బదులు తల్లి అయినా సరే ఒప్పుకుంటే చెల్లదు. ఏం చేయబోతున్నారో, ఎందుకు చేస్తున్నారో, మరో మార్గం ఉన్నదో లేదో, అందులో ఉండే ప్రమాదాలేమిటో, అసలు చేయించుకోకపోతే ఏమవుతుందో — ఇవి చెప్పి ఒప్పించాలి.

మన హైదరాబాదులోనూ ఒక సంగతి జరిగింది. 1990 లో ఒక ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలో గడ్డను పరీక్ష నిమిత్తం తెరుస్తామని చెప్పి, పూర్తిగా తీసివేశారు. తెలివి వచ్చేసరికి నడుము కింద చచ్చుబడిపోయింది. అతను చక్రాల కుర్చీలో కూర్చునే పోరాడాడు. సుప్రీం కోర్టులో తన వాదన తనే వినిపించుకున్నాడు. 2009 లో కోర్టు అతనికి కోటి రూపాయల పరిహారం విధించింది. పోయిన కాళ్ళకు కోటి రూపాయలు ఏపాటి అనకండి. ఒప్పుదల అనేది ఉత్త కాగితం కాదని ఆ తీర్పు చాటింది.

ఈ తీర్పులూ నియమాలూ అన్నీ ఏరికూర్చి జాతీయ మానవ హక్కుల సంఘం 2018 లో 17 అంశాలతో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వం 2019 లో దాన్ని రాష్ట్రాలకు పంపి అమలు చేయమని కోరింది. కోరిందేగాని శాసించలేదు, ఆరోగ్యం రాష్ట్రాల పద్దు. అయినా ఆ పత్రం చదువుతుంటే వరండాలోని నా స్నేహితులంతా కళ్ళ ముందు నిలిచారు. ధరలు కనపడేలా రాసి పెట్టాలన్న మాట అందులో ఉన్నది — గార్డు గారూ, ఇది మీది. మనిషి మర్యాదకూ మరుగుకూ భంగం రాకుండా పరీక్ష చేయాలని ఉన్నది — అమ్మాయీ, ఇది నీది. మందులు ఫలానా షాపులోనే కొనాలని నిర్బంధించరాదనీ, మరో డాక్టరు అభిప్రాయం అడగవచ్చుననీ, బిల్లు తగాదా పెట్టుకుని రోగినిగాని శవాన్నిగాని నిలిపివేయరాదనీ ఉన్నది. పేదా గొప్పా తేడా చూపకూడదనీ ఉన్నది. కేసు కాగితాల నకళ్ళు అడిగితే ఇవ్వాలి. ఇది కొత్త మాట కాదు. 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉన్నది.

ఆ నియమావళిలోనే నన్ను కాస్త ఓదార్చే వాక్యమూ ఒకటి దొరికింది. జబ్బు తీవ్రతను వైద్యుడు పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదుట. రోగికిగాని, బంధువులకుగాని, బాధ్యతగల మిత్రులకుగాని తగినంత తెలిసేటట్టు చూడాలిట. ఆ 'గాని' దగ్గరే మన కుటుంబాలన్నీ తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. బంధువులకు చెప్పటంతో పని అయిపోయిందనుకుంటాం. ప్రేమకొద్దీ చేస్తాం, నిజమే. కాని వీలునామా రాయాలో, కాశీ వెళ్ళిరావాలో, మాట పట్టింపు వచ్చిన ఆడపడుచును ఒకసారి పిలిపించుకోవాలో — ఆ లెక్కలన్నీ మంచం మీది మనిషివి. వాటికి మిగిలిన రోజులెన్నో తెలియకుండా చేసేది డాక్టరు కాదు, మనమే.

డాక్టరు వైపు నుంచి

ఒక పక్క విని తీర్పు చెప్పటం న్యాయం కాదు. ఆ వార్డులోనే రాత్రి డ్యూటీ చేసే యువవైద్యుడొకడు నాతో చనువుగా మాట్లాడేవాడు. "సార్, చెప్పకూడదని మాకేమీ లేదు. ఓ.పి.లో ఒక మనిషికి మూడు నిమిషాలు మించి చిక్కవు. వివరంగా చెబుదామంటే వెనక వరస కేకలు వేస్తుంది. ప్రమాదం ఉన్నదని నిజం చెబితే 'ఈ డాక్టరుకు చేతకాదు' అని వేరేచోటికి పోతారు. పోనీ చెప్పకుండా చేస్తే, ఏదైనా అయినప్పుడు అద్దాలు పగలగొడతారు. మొన్న నా చొక్కా పట్టుకున్నారు" అన్నాడు. వైద్యుల మీద దాడులను శిక్షించటానికి మన ఉమ్మడి రాష్ట్రంలో 2008 లోనే ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే అతని మాటలో నిజమెంతో ఊహించుకోవచ్చు. హక్కుల పత్రంలో రోగుల బాధ్యతలు కూడా ఉన్నాయి. జబ్బు సంగతులు దాచకుండా చెప్పాలి. వైద్యుల ఒంటి మీద చేయి వేయకూడదు.

నాకు తోచినదేమంటే, చొక్కా పట్టుకోవటానికీ చదవకుండా సంతకం చేయటానికీ వేరు ఒక్కటే. ముందు ఏమీ అడగనివాడికే చివర అంత కోపం వస్తుంది.

రెండో సంతకం

ఆరు నెలల తరవాత సంచి తీసి పేగు కలపటానికి అమ్మ మళ్ళీ అదే ఆసుపత్రిలో చేరింది. ఈసారి బయలుదేరేముందే పాత కేలెండరు కాగితం వెనక పెన్సిలుతో ప్రశ్నలు రాసుకున్నది. మొత్తం ఐదు. డాక్టరు గారు అలవాటు చొప్పున నా వైపు తిరిగి చెప్పబోయారు. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "బాబూ, కోసేది నన్ను కదా, ఇటు తిరిగి చెప్పు" అన్నది.

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తరవాత నవ్వేశారు. స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చున్నారు. కాగితం మీద పేగు బొమ్మ గీసి, ఎక్కడ కోసినదీ, ఎక్కడ కలపబోయేదీ చూపించారు. కుట్టు కారితే ఏమవుతుందో చెప్పారు. మళ్ళీ సంచి పెట్టవలసి రావచ్చునని కూడా దాచకుండా చెప్పారు. ఐదో ప్రశ్న దగ్గర మాత్రం నాకు గుండె దడదడలాడింది.

"నా కేన్సరు తిరగబెడుతుందా?" అన్నది అమ్మ. మా ఇంట్లో ఆ మాట పైకి అన్న మొదటి మనిషి ఆవిడే.

"తిరగబెట్టదని హామీ ఇవ్వలేనమ్మా. ఇప్పటికి పరీక్షలన్నీ బాగున్నాయి. ఐదేళ్ళపాటు చూపించుకుంటూ ఉండాలి" అన్నారాయన.

"అయితే వచ్చే ఏడు మనవరాలి పెళ్ళి పెట్టుకోవచ్చునన్నమాట" అన్నది.

తరవాత నర్సు కాగితాలు తెచ్చి నా చేతికివ్వబోతే, అమ్మ చేయి చాపి తీసుకున్నది. ఇంగ్లీషు చూసి, నా చేతికిచ్చి, "తెలుగు మాష్టారివి కదా, చదివి తెలుగులో చెప్పు" అన్నది. చెప్పాను. అర్థం కాని చోట యువవైద్యుణ్ణి అడిగాను. మొత్తం పావుగంట పట్టింది. అప్పుడు అమ్మ కలం తీసుకుని, తెలుగులో, ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం చేసింది.

ఆపరేషను అయి ఇంటికి వచ్చేటప్పుడు బిల్లు జాగ్రత్తగా చూశాను. దూదికీ, సూదికీ, చేతి తొడుగులకూ వేశారు గాని, ఆ పావుగంటకు మాత్రం ఏమీ వేయలేదు.